అత్తమ్మ వయసు అడిగిన గడియారం

మొన్న మనవరాలు మా గోడ గడియారాన్ని ఫోనులో ఫొటో తీసి, "నానమ్మా, ఇది ఎన్నేండ్లది?" అని అడిగింది. ఇదే ప్రశ్న ఛత్రినాకలోని మా పాత ఇంట్లో ఒకసారి పుట్టింది. ఆ జవాబు విన్న రోజు నాకింకా గుర్తుంది.

డెబ్బైలలో మాట. నేను కాపురానికొచ్చిన కొత్త. మా అత్తమ్మ పుట్టిననాడు వాళ్ల నాయన కొన్న గడియారమట అది, పెళ్లయ్యాక ఆమెతో పాటే అత్తింటికి వచ్చింది. పుట్టింటి గుర్తుగా ఆమెకు మిగిలింది అదొక్కటే. దానికి కీ ఇచ్చే చావిని కొంగుకు ముడేసుకుని, పొద్దున్నే ముఖం కడుక్కుని దండం పెట్టినట్టే తిప్పేది. ఇంకొకరిని ముట్టనిచ్చేది కాదు. ఒక్క మామయ్యకు తప్ప ఆ ఇంట్లో ఎవరికీ పుట్టిన తేదీలు తెలియవు. ఒకరు బోనాల ముందు పుట్టారు, ఒకరు చింతచిగురు వేసినప్పుడు పుట్టారు, ఏ ఏడంటే మాత్రం తెల్లముఖమే. అందుకే మామయ్యకు ఎప్పుడూ ఒకటే వేళాకోళం: "నువ్వు నాకంటె పెద్దదానివే. మీ నాయన వయసు దాచిపెట్టి పెండ్లి చేసిండు." వినీ వినీ ఒకనాడు అత్తమ్మకు రోషమొచ్చింది. గడియారం వయసెంతో తనదీ అంతే కదా! దబీర్‌పురా నుంచి గడియారాలు బాగుచేసే భాయ్‌ని పిలిపించింది. "ఎందుకే గీ లొల్లి, నేనే పెద్దోణ్ణి, ఒప్పుకుంటున్న," అన్నాడు మామయ్య. ఆయన ఓడిపోవడం ఎన్నడూ చూడని అత్తమ్మకు ఇంకా హుషారెక్కింది.

భాయ్ గడియారాన్ని మంచం మీద పడుకోబెట్టి, దాని చెక్కపెట్టె వాసన చూసి, మేకుల తలలు గోటితో తడిమాడు. "చేతిపని అమ్మా, మస్తు పురానా. నీ అంత ఉంటది." అత్తమ్మ మామయ్య వైపు గర్వంగా చూసింది. భాయ్ లోపలి మిషిన్ విప్పాడు. వెనక చెక్క మీద ఖాళీగా ఉన్న పాత స్క్రూల బెజ్జాలు చూపించాడు. "ఇక్కడ వేరే మిషిన్ ఉండె. ఇది నయా. ఇరవై ఏండ్లు గూడ ఉండయి."

"ఏందీ? నా పెద్దకొడుక్కే ఇరవై అయిదు దాటినయి గద భాయ్!"

నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాను. నెత్తురు లేనట్టు పాలిపోయింది. "మా నాయన గడియారం ఏమైంది?"

మామయ్య తల దించుకున్నాడు. తండ్రి పోయి అత్తమ్మ ఆయన దినాలకు పుట్టింటికి వెళ్లినప్పుడు, ఇక్కడ గడియారం ఆగకూడదని, ఆమె హడావిడిలో వదిలి వెళ్లిన చావిని మామయ్యే తిప్పాడట. బలం కొద్దీ తిప్పితే లోపలి స్ప్రింగు తెగి పళ్లచక్రాలన్నీ విరగ్గొట్టింది. "నాయన పోయిండని ఏడ్సుకుంట వస్తుంటివి. గడియారం గూడ పోయిందని ఎట్ల చెప్పాలె? మిషిన్ మార్పిచ్చిన. పెట్టె మీ నాయనదే. గంట గూడ ఆయనదే, దాన్ని ముట్టొద్దన్న."

భాయ్ మెల్లగా గంట తీగను వేలితో మీటాడు. అదే మోత. అత్తమ్మ మంచం పక్కన కూర్చుని పెట్టెను దగ్గరికి లాక్కుంది.

మర్నాడు పొద్దున ఆమె కొంగు ముడి విప్పి, చావిని మామయ్య ముందు పడేసింది. "నీ మిషిన్‌కు నువ్వే ఇచ్చుకో." ఆయన చావి అందుకున్నాడు. "మెల్లగ తిప్పు. మళ్ల ఇరగ్గొడితే నేను ఊకోను," అంది, కొంగుతో పెట్టె తుడుస్తూ. ఆనాటి నుంచి తిప్పడం ఆయనది, తుడవడం ఆమెది. ఎవరు పెద్దో మాత్రం తేలనే లేదు.

వాళ్లిద్దరూ పోయాక చావి నా కొంగుకొచ్చింది. రోజూ తిప్పుతూనే ఉన్నాను, కానీ నా చేతికింద నడుస్తున్నది ఎవరి కాలమో నాకే తెలియనప్పుడు, ఆ పిల్లకు ఎన్నేండ్లని చెప్పను?