గనిలో కూర్చున్న అక్క

మా ఆయనకు ప్రొద్దుటూరులో నగల అంగడి ఉంది. మా వీధిలో అంగళ్ళున్న వాళ్ళంతా ఏడాదికోసారి కలిసి ఏదో ఒక దేశమో, క్షేత్రమో చూసి వస్తారు. కాశీ అయింది, సింగపూరు అయింది. ఆ ఏడు బ్రెజిల్ అన్నారు. పోర్చుగీసువాళ్ళు బంగారం తవ్వించిన పాత ఊళ్ళు, బంగారు రేకు తాపిన చర్చీలు, అక్కడి ఆట, పాట అన్నీ దగ్గరుండి చూపిస్తామని టూరు కంపెనీ మేనేజరు వచ్చి, మా అంగడి మేడమీద తెర కట్టి బొమ్మలు వేశాడు. ఆయన విజయవాడ వైపు మనిషి. శాకాహారం వండే వంటాయన కూడా వెంట వస్తాడని చెప్పాక ఇంక ఎవరికీ అడ్డు మాట లేకపోయింది. ఆ బొమ్మలు చూస్తున్నంతసేపూ నేను మా అక్క గురించే ఆలోచిస్తూ ఉన్నాను.

మేము పుట్టింది జమ్మలమడుగులో. నన్ను ప్రొద్దుటూరుకు, అక్కను పులివెందులకు ఇచ్చారు. బావకు అక్కడ బట్టల అంగడి. వాళ్ళకు ఒక్కతే కూతురు. డిగ్రీ ముగించి, అంగట్లో తండ్రి పక్కన నిలబడి చీరలు విప్పి చూపించడం నేర్చుకుంటున్న పిల్ల. వానాకాలంలో జ్వరం వచ్చింది. డెంగీ అన్నారు. వారం తిరగకముందే పోయింది.

అది జరిగి రెండో ఏడు నడుస్తోంది. అక్క ఏడవడం ఎప్పుడో మానేసింది. పొద్దున లేస్తుంది, స్నానం చేస్తుంది, వండుతుంది, అడిగిన దానికి జవాబు చెబుతుంది. కడపలో డాక్టరు రాసిన మాత్రలు మరిచిపోకుండా వేసుకుంటుంది. కానీ ఎవరి పెళ్ళికీ రాదు, ఎవరింటికీ పోదు. మధ్యాహ్నం వంటింట్లో పీట వేసుకుని కూర్చుంటే, బావ అంగడి నుంచి వచ్చేదాకా అక్కడే ఉంటుంది. పొయ్యి మీద ఏమీ ఉండదు.

నేను పులివెందులకు పోయి అడిగాను.

"అక్కా, మాతో రా. బ్రెజిల్ పోతాండాం."

"యాడుండాది అది?"

"శానా దూరం. భూమికి ఆ పక్క."

"అంత దూరంలో నాకేం పనుండాది మ్మే?"

"పనేం లేదు. ఊరికే చూసొద్దాం."

బావ గుమ్మంలో నిలబడి వింటున్నాడు. పెళ్ళిళ్ళ కాలం, ఆయనకు అంగడి వదలడానికి లేదు. "పోయి రా. ఎంతకాలం ఈ గోడలు చూస్తాంటావు? చెల్లెలు పిలుస్తాంది గదా" అన్నాడు. ఆయన గొంతు అప్పటికే బతిమాలుతున్నట్టుంది.

అక్క ఆయన ముఖం చూసింది. "పొమ్మంటే పోతా" అంది.

ఆ మాటలో ఇష్టం లేదని నాకు తెలుసు. అయినా పోతానన్నది కదా, అది చాలనుకున్నాను. ఇల్లు దాటితే, మనుషుల్లో పడితే, తెలియని చోట ఏదో ఒకటి చూసి మనసు కదలకపోతుందా అని నా ఆశ. బావ ఆశ నా ఆశకంటే పెద్దది. కొత్త పెట్టె, చలికోటు, నడవడానికి బూట్లు ఆయనే పోయి తెచ్చాడు. బూట్లు తొడిగి చూడమంటే అక్క తొడిగి చూపించింది.

బ్రెజిల్ పోవాలంటే ఎల్లో ఫీవరు అనే పచ్చజ్వరం రాకుండా టీకా వేయించుకోవాలట. అందరం చెన్నై పోయాం. సూది గుచ్చేటప్పుడు మా ఆడవాళ్ళంతా ముఖాలు పక్కకు తిప్పుకున్నారు. అక్క మాత్రం సూది చర్మంలోకి దిగడం చూస్తూ కూర్చుంది.

ముందు రియో చూపించారు. కొండ మీద చేతులు చాచిన క్రీస్తు విగ్రహం దగ్గరికి మేము పోయేసరికి మబ్బు కమ్మేసింది. అంత దూరం వచ్చి ఇదేం కర్మ అని అందరూ నిట్టూరుస్తుండగా గాలి వీచి మబ్బు విడిపోయింది. ఒక్కసారి విగ్రహం నెత్తిమీద నిలబడినట్టు కనబడేసరికి అన్ని దేశాలవాళ్ళూ కేకలు పెట్టారు. నేను అక్క చెయ్యి పట్టుకుని ఊపాను. ఆమె మెట్ల మీద కూర్చుని ఎవరివో చెప్పులు చూస్తోంది. "చూడక్కా" అంటే తల ఎత్తి చూసి, "పెద్దదే" అంది.

ఆ సాయంత్రం ఒక హాల్లో సాంబా నేర్పించారు. డోళ్ళ మోతకు గోడలు అదిరాయి. నేర్పే అమ్మాయి మా ఆడవాళ్ళను ఒక్కొక్కరినే చెయ్యి పట్టి లాగింది. సిగ్గుపడుతూ, నవ్వుతూ, చీరలు ఎగదోపుకుంటూ మేమంతా నానా తంటాలు పడ్డాం. అక్క లేచి ఆ అమ్మాయి చెప్పినట్టు ముందుకు, వెనక్కు తప్పు లేకుండా అడుగులు వేసింది. నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఆయన ఫోనులో వీడియో తీసి అప్పటికప్పుడు బావకు పంపించాడు.

బస్సులో పక్కన కూర్చుని, "బాగా ఆడినావక్కా" అన్నాను.

"వెయ్యమనింది, వేసినా" అంది.

బావ నుంచి జవాబు వచ్చింది. చేతులు జోడించిన బొమ్మలు వరసగా పెట్టాడు. అది అక్కకు చూపించలేదు.

తర్వాత సాల్వదోర్ అనే ఊరు. సముద్రం ఒడ్డున రంగురంగుల పాత ఇళ్ళు, రాళ్ళు పరిచిన వీధులు. ఒక చర్చి లోపలంతా బంగారమే. స్తంభాలు, గోడలు, దేవదూతల రెక్కలు అన్నీ బంగారు రేకు. మా అంగళ్ళవాళ్ళు మెడలు వెనక్కి వాల్చి అంత రేకుకు ఎంత బంగారం పట్టి ఉంటుందో వాదించుకున్నారు. అక్క ఆ మెరుపులో కూడా అందరి వెనకా నేల చూసుకుంటూ నడిచింది.

ఆ ఊళ్ళోనే కొండ మీద ఇంకో చర్చి ఉంది. దాని ఇనుప కంచె నిండా వేల రిబ్బన్లు కట్టి ఉన్నాయి, గాలికి రెపరెపలాడుతూ. మా వెంటే వచ్చిన మేనేజరు అందరికీ తలా ఒకటి ఇచ్చాడు. "మూడు ముళ్ళు వేయాలమ్మా. ముడికొక కోరిక. పైకి చెప్పకూడదు" అన్నాడు. మూడు ముళ్ళనేసరికి మా వాళ్ళంతా నవ్వారు. నవ్వుతూనే పోయి కంచెకు కట్టారు, కళ్ళు మూసుకుని. నేనూ కట్టాను. ఏం కోరుకున్నానో చెప్పక్కర్లేదు.

తిరిగి చూస్తే అక్క నీలం రిబ్బను వేలికి చుట్టుకుని, విప్పుకుని, మళ్ళీ చుట్టుకుంటోంది.

"కట్టక్కా."

"ఏమని కట్టాల?"

నేను ఆలోచించాను. బావకు ఆరోగ్యం అనబోయాను, నీకు శాంతి అనబోయాను.

"నాకు ఒకటే ఉండాది" అంది అక్క. "అది ఈ దేవుడిచ్చేది గాదు, మన దేవుడిచ్చేది గాదు. ఇంక రెండు యాడ తెచ్చేది?" రిబ్బను నా చేతిలో పెట్టింది. నేను దాన్ని సంచిలో పడేసుకున్నాను.

చివరగా బంగారం ఊరికి తీసుకుపోయారు. కొండల మధ్య, నిలబడితే జారిపోయేటంత ఏటవాలు వీధులు. ఊరి పేరు వాళ్ళ భాషలో ఔరు ప్రెతు. మా గుంపులో ఒకామె, "పేరే బాగలేదే, ప్రేతం అన్నట్టుండాది" అంది. "ప్రెతు అంటే నలుపమ్మా. నల్ల బంగారం. ఇక్కడ దొరికిన బంగారం మీద నల్లటి పొర ఉండేదట" అని మేనేజరు సర్దిచెప్పాడు.

అక్కడి పాత గని ఒకటి చూపించడానికి ఆ ఊరావిడే ఒకామె వచ్చింది. నల్లజాతి మనిషి, యాభై దాటి ఉంటుంది. తలకు టోపీలు పెట్టించి, సొరంగంలోకి నడిపిస్తూ, ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది. మేనేజరు తెలుగులో చెబుతూ వచ్చాడు. ఆఫ్రికా నుంచి ఓడల్లో కుక్కి తెచ్చిన మనుషులు తవ్విన గని అది. సన్నటి దారుల్లో దూరడానికి పొట్టివాళ్ళను, పసివాళ్ళను దించేవారట. పొద్దు పొడవకముందు దిగితే, పొద్దు గుంకాక ఎక్కేవాళ్ళు. లోపలే ఎంతమంది పోయారో లెక్క లేదంది. గోడల మీద ఉలి దెబ్బలు ఇంకా తెలుస్తున్నాయి. పైనుంచి నీళ్ళు కారుతున్నాయి. మా వాళ్ళలో ఒకాయన ఇప్పుడూ దొరుకుతుందా అని అడిగాడు. ఆవిడ లేదని తల ఊపింది.

బయటికి వచ్చి చూస్తే అక్క లేదు.

నేను, మేనేజరు, ఆ గైడూ వెనక్కి పరిగెత్తాం. పక్క సొరంగం మలుపులో బండ మీద కూర్చుని ఉంది. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. గోడకు వీపు ఆనించి ఉండడంతో రవిక తడిసిపోయింది.

"అక్కా! ఏమైంది? కండ్లు తిరిగినాయా?"

"ఏం లేదు. ఈడ బాగుండాది. కొంచేపు కూచుంటా."

"పోవాలక్కా, బస్సు నిలబడుకోనుండాది."

"మీరు పోండి. నన్ను ఈడ్నే ఇడ్సిపెట్టు మ్మే." కోపం లేదు, ఏడుపు లేదు. పక్కింటికి పోయి వస్తానన్నంత మామూలుగా అంది.

నేను చెయ్యి పట్టి లేపబోతే బరువుగా కూర్చుంది. గైడు ఏదో అడిగింది. మేనేజరు చిన్న గొంతుతో, కూతురు పోయిందని చెప్పాడు. ఆవిడ అక్క పక్కన బండ మీద కూర్చుంది.

అక్క ఆవిడను చూసింది. తర్వాత మేనేజరు వైపు తిరిగింది. "ఈడ పిల్లోళ్ళు కూడా సచ్చిపోయినారంట గదా నాయనా. వాళ్ళ అమ్మలు ఏం జేసిరో ఆయమ్మను అడుగు."

కూతురు పోయాక అక్క తనంతట తాను అడిగిన మొదటి ప్రశ్న అది. మేనేజరు నా వైపు చూశాడు. అడగమన్నాను. గైడు విని చెప్పింది. ఆయన తెలుగు చేశాడు.

"చాలామంది తల్లులు సముద్రానికి అవతలే ఉండిపోయారటమ్మా. బిడ్డలు ఏమైపోయారో వాళ్ళకు ఎప్పటికీ తెలియలేదట."

అక్క తల ఊపింది. "తెలీకపోతే యాడో ఒక చోట బతికే ఉండాదనుకోని ఉంటారు" అంది. "నయం."

ఆ మాట మేనేజరు ఇంగ్లీషులో చెప్పలేదు. ఆవిడా అడగలేదు. నేను చీకట్లో నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. అప్పుడైనా అక్క ఏడుస్తుందేమో, ఏడిస్తే గట్టున పడుతుందేమో అని ఎదురుచూశాను. ఆమె కళ్ళు పొడిగానే ఉన్నాయి.

ఇంతలో సొరంగం మొగదల నుంచి గోల వినబడింది. బడిపిల్లల గుంపు ఒకటి వస్తోంది, దీపాలు ఊపుకుంటూ, అరుచుకుంటూ. దారి సన్నం. అక్క లేచి, టోపీ పెట్టుకుని, గోడకు ఒదిగి వాళ్ళకు దారి ఇచ్చింది. లేచింది కాబట్టి మాతో బయటికి నడిచింది. అంతే. ఎవరి మాటా ఆమెను లేపలేదు.

బయట ఎండ కళ్ళల్లో పొడిచింది. వంటాయన పెట్టిన పెరుగన్నం తిని, బస్సులో నిద్రపోయింది. ప్రశ్న అడిగింది కదా, ఇంక నోరు విప్పుతుందిలే అని మర్నాడంతా నేను ఆమె పక్కనే తిరిగాను. గని మాట ఎత్తితే, "ఆడ చల్లంగ ఉండె" అంది. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట రాలేదు.

చెన్నై నుంచి రైల్లో ఎర్రగుంట్లలో దిగాం. బావ కారు తెచ్చుకుని ముందే వచ్చి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, గడ్డం నున్నగా గీసుకున్నాడు. రైలు ఆగకముందే ఒక్కో కిటికీలోకి తొంగి చూస్తూ నడిచాడు.

"బాగా చూసినావా?" అని అడిగాడు అక్కను.

"చూసినా."

"ఏమేం చూసినావు?"

అక్క నిజంగానే ఆలోచించింది. "శానా చూపించినారు" అంది.

ఆయన నా వైపు చూశాడు. నేను పెట్టెలు దించే పనిలో పడ్డాను. ఆయన అక్క పెట్టె ఎత్తుకుని ముందు నడిచాడు. ఆ నడక చూస్తే, ఇందాక కిటికీల్లోకి తొంగి చూసిన మనిషేనా అనిపించింది.

ఆ తర్వాత వారం వారం నేనే పులివెందుల పోతూ వచ్చాను. తొండూరు దాటాక బత్తాయి తోటలు, మా వైపు చీనీ తోటలంటాం, మొదలవుతాయి. అక్కడి నుంచి ఏం మాట్లాడాలో మనసులో కూడబలుక్కునేదాన్ని. అక్క తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని ఎదురొచ్చేది. నాకు ఇష్టమైనవి వండి పెట్టేది. బాగుపడుతోందనే బావతో చెప్పాను. ఆయన అంగడి తాళాలు తీసుకుని బయలుదేరాడు.

ఒకరోజు భోజనాలయ్యాక అక్క అంది, "మ్మే, ఒక మాట చెప్తా. ఏమీ అనుకోవద్దు."

"చెప్పు."

"వారం వారం రావొద్దులే."

"యాలక్కా? నేనేమన్నా అన్నానా?"

"నువ్వేమనలే. నువ్వొస్తాండావంటే నేను పొద్దున్నుంచి తయారు గావాల. నవ్వాల. నువ్వు నా మొగం చూస్తాంటావు, ఏమన్నా మారిందా అని. ఏం మారలే మ్మే. మారదు. నీకు చూపించేకి నా దగ్గర ఏమీ లేదు. నాకు శానా అలుపైతాంది."

"మరి ఎట్లక్కా?"

"ఎట్లేముండాది? ఇట్లే."

తిట్టినా బాగుండేది. ఆమె నా తల నిమిరి, బస్సుకు పొద్దుపోతుందని లేపింది. దారిలో తినమని చీనీకాయలు సంచిలో వేసింది.

వారం వారం పోవడం మానుకున్నాను. మరుసటి ఏడు అంగళ్ళవాళ్ళు ఇంకో దేశం అనుకున్నారు. అక్కకు చెప్పమంటావా అని మా ఆయన అడిగాడు. వద్దన్నాను. మేమూ పోలేదు.

ఫోను చేస్తే అక్క ఎత్తుతుంది. "ఏం చేసినావు?" అంటాను. "వంకాయ" అంటుంది. "మేము చిక్కుడుకాయ" అంటాను. ఆ తర్వాత అటువైపు ఆమె ఊపిరి వినబడుతూ ఉంటుంది. ఎక్కువసార్లు నేనే ముందు పెట్టేస్తాను.