రేకు గరుడపక్షి కన్ను

వారం నుంచి మా బాల్కనీలో ఎనామిల్ పెయింటూ కిరసనాయిలూ కలిసిన వాసన వస్తోంది. విజయవాడలో మేముండేది అయిదో అంతస్తు. వంటింట్లో పోపు వేసినా, దేవుడి దగ్గర అగరొత్తి వెలిగించినా ఆ వాసన వాటిని దాటుకుని వచ్చి, నన్ను కంకిపాడు దాటించి, పామర్రు వైపు వెళ్లే రోడ్డు మీద నుంచి కాలవ గట్టు మీదికి దింపి, చేపల చెరువుల మధ్యకి ఈడ్చుకుపోతోంది. బాల్కనీలో మా అమ్మ, నూనె డబ్బా కత్తిరించి చదును చేయించిన రేకు ఒళ్లో పెట్టుకుని, వణికే చేత్తో దాని మీద గరుడపక్షిని వేస్తోంది. ఎందుకు వేస్తోందో తెలుసు కాబట్టి వద్దనే ధైర్యం నాకు లేదు.

నాన్న అక్కడ చెరువులు కౌలుకి తీసుకుని చేపలు పెంచేవాడు. గట్టు మీద రేకుల షెడ్డే మా ఇల్లు. వానాకాలంలో ఆ రేకుల మీద వాన పడుతుంటే ఒకరి మాట ఒకరికి వినపడక సైగలతోనే కూరా చారూ అడిగి వడ్డించుకునేవాళ్లం; వేసవి మధ్యాహ్నాలు లోపల ఉండలేక కాలవ పక్క తుమ్మచెట్టు కింద నులకమంచం వాల్చుకుని, తాటిముంజలు బొటనవేలితో తోడుకు తింటూ, నాయనమ్మతో వామనగుంటలు ఆడుతూ పొద్దు పుచ్చేదాన్ని. ఓడిపోతున్నానని తెలియగానే నాయనమ్మ చింతపిక్కలన్నీ కొంగులో పోసుకుని, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయంటూ లేచిపోయేది. పొయ్యి మీద పాలెప్పుడూ ఉండేవి కావు. తవుడూ వేరుశనగ చెక్కా కలిపి చిల్లుల సంచుల్లో నింపి, చెరువులో పాతిన వెదురు గడలకి కట్టేవాళ్లు. చేపలు వచ్చి ఆ సంచుల్ని పొడుచుకు తినేవి. ఆ తవుడు వాసన మా బట్టలకీ జుట్టుకీ, ఆఖరికి వినాయక చవితి ఉండ్రాళ్లకి కూడా పట్టేసేది.

చేపలున్న చోటికి పక్షులు రాకుండా ఎలా ఉంటాయి? నీటికాకులు మునిగి ఎక్కడో తేలేవి, కొంగలు గట్టు పొడవునా తపస్సు చేసేవి, చలికాలం మొదలయ్యేసరికి గూడబాతులు సంచీల్లాంటి గొంతులు వేసుకుని పెళ్లివారిలా గుంపులుగా దిగేవి. నాన్నకి అవన్నీ దొంగలు. అమ్మకి మాత్రం అవి వచ్చాయంటే పండగే. పెళ్లికి ముందు హైస్కూల్లో డ్రాయింగు బాగా నేర్చుకున్న మనిషి, పెళ్లయ్యాక ఈ గట్టు మీద తెల్లకాగితం దొరక్క, ఇంటికొచ్చిన శుభలేఖల వెనకవైపు వేసేది. పెన్సిలు ఎప్పుడూ జుట్టు ముడిలో దోపుకునే ఉండేది. కాగితం వైపు చూసేది కాదు. కళ్లు పక్షి మీద, చెయ్యి దాని మానాన అది. అట్ట నిండా ఒక మెడ, ఒక సగం రెక్క, నీళ్లలోంచి లేస్తున్న రెండు కాళ్లు. పూర్తయిన పక్షి అరుదు, ఎందుకంటే అది పూర్తయ్యేలోపు ఎగిరిపోయేది. దానికోసం ఆవిడ ఎప్పుడూ విసుక్కోలేదు. అన్నం మాడిందని నాయనమ్మ సణిగితే మాత్రం, మాడిన వైపు తన కంచంలో పెట్టుకుని ఊరుకునేది.

ఒక ఏడు చుట్టుపక్కల చెరువులన్నిటి మీదా నైలాను వలలు కట్టేశారు. వాటిలో కాళ్లు చిక్కిన కొంగలు తలకిందులుగా వేలాడుతూ, ఒక్కోటి రోజుల తరబడి రెక్కలు కొట్టుకుని, ఎండి, గుడ్డపీలికలయ్యేవి. బడికి ఆ గట్ల మీదుగానే వెళ్లాలి. నేను తల దించుకుని నడిచేదాన్ని, అమ్మ మాత్రం ఆగి చూసేది, చూసొచ్చి ఆ పూట తిండి మానేసేది. నాన్న కూడా వల కొనుక్కొచ్చి షెడ్డులో పడేశాడు. ఆయన చెడ్డవాడు కాదు. కిందటి పంట జబ్బు చేసి తెల్లారేసరికి నీటి మీద తేలిపోయింది, ఈ పంటా పోతే మేమిక ఆ గట్టు మీద ఉండలేం. అమ్మ ఆ వల దగ్గర నిలబడి చాలాసేపు ఆలోచించి, కాలవ అవతలి తాడిచెట్టు మీద గూడు కట్టుకున్న గరుడపక్షిని చూపించింది. తెల్లటి తల, ఇటుక రంగు రెక్కలు. అది చెరువు మీద చక్కర్లు కొడితే కొంగలు లేచిపోవడం ఆవిడ ఎన్నోసార్లు చూసింది. దాన్నే రేకుల మీద వేసి గడలకి కడతానంది.

నాన్న నవ్వలేదు, ఒప్పుకున్నాడు. "నీ గరుడ పట్టుబడిదాకా కాసిందా, సరే సరి. కాయలేదనుకో, వల కట్టేస్తాను సరోజా. అప్పుడు నన్నేం అనమాక," అన్నాడు.

"అట్టాగే. అప్పటిదాకా మీరు వల మాట ఎత్తకూడదు," అంది అమ్మ.

చేపలు అమ్మకానికి పట్టేది సంక్రాంతి దాటాక. అంటే వానలూ చలీ అన్నీ ఆ రేకులే కాయాలి. అమ్మ రాత్రీ పగలూ వేసింది. తీరా కట్టేరోజున మేత వేసే మనుషులు, గరుత్మంతుడు కదా అని, తడి ఆరని బొమ్మల నుదుట కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, లెంపలేసుకున్నారు. అమ్మ బెంబేలెత్తిపోయింది. "బొట్టు పెట్టుకున్న గరుడని చూసి ఏ కొంగ భయపడుద్దయ్యా?" అంటూ కిరసనాయిలు గుడ్డతో ఆ కుంకుమ తుడిచేసరికి సాయంత్రమైంది.

మొదట్లో పక్షులు నిజంగానే జంకాయి. అమ్మ గట్టు మీద చిన్నపిల్లలా చేతులు తట్టింది. తర్వాత ఒక నీటికాకి వచ్చి రేకు తల మీదే వాలి, రెక్కలు చాపి ఆరబెట్టుకుంది. ఆ మర్నాడు అక్కడ మరిన్ని. అమ్మ మొహం చూడలేకపోయాను. అయినా ఒప్పుకోలేదు. కూర్చున్న గరుడకి కాదు, పైనుంచి మీదికొచ్చే గరుడకి భయపడతాయని పట్టుబట్టి, అట్లతద్ది రోజు, ఊళ్లో ఆడవాళ్లంతా ఉయ్యాలలూగుతుంటే, తను గట్టు మీద వెల్లకిలా పడుకుని, శుభలేఖ గుండెల మీద పెట్టుకుని, ఆకాశంలో తిరుగుతున్న ఆ పక్షి అడుగు భాగం చూసి వేసింది. దారిన పోయేవాళ్లు మా నాన్న వైపు జాలిగా చూశారు. కొత్త రేకులు కట్టి, రోజూ తెల్లవారకుండానే నన్ను వెంటబెట్టుకుని మోకాలి లోతు నీళ్లలో వాటి చోట్లు మార్చేది. చేతులు నీళ్లలో నాని పాసిపోయాయి, దగ్గు పట్టుకుంది. ఒక్క కన్ను విషయంలోనే ఆవిడకి అనుమానం. దూరం నుంచి అది పసుపుపచ్చగా మెరిసినట్టుండేదట, అలాగే వేసింది. దగ్గర్నుంచి చూసే యోగం లేదు కదా అని మథనపడేది.

గూడబాతులు దిగాయి. వాటికి రేకూ లేదు, గరుడా లేదు. ఒక్క పొద్దులో అవి మింగినదెంతో చూసిన నాన్న, వల బయటికి లాగి చెరువు మీద కట్టేశాడు. ఒప్పుకున్న మాట కదా, అమ్మ అడ్డు రాలేదు.

ఆ వలలో మొదట పడింది గరుడపక్షే. చేప కోసం వచ్చిందో, గడ మీది రేకుని పోటీకొచ్చిన ఇంకో గరుడ అనుకుని తరమబోయిందో ఎవరికీ తెలియదు. నాన్న బట్టలతోనే చెరువులో దూకి, అది చెయ్యి చీరేస్తున్నా వదలకుండా వల తెగ్గోసి, గట్టు మీదికి తెచ్చి, చంటిపిల్లాడిలా ఏడ్చాడు. ఒక రెక్క మొదలంటా విరిగింది. అమ్మ దాన్ని పాతచీరలో చుట్టి ఒళ్లోకి తీసుకుంది. నేను మంచి పని చేస్తున్నాననుకుని పరుగెత్తుకెళ్లి శుభలేఖా పెన్సిలూ తెచ్చిచ్చాను. జానెడు దూరంలో పక్షి. ఇన్నాళ్లూ ఆవిడ కోరుకున్నది అదే.

"ఇప్పుడు కాదు పాపా. చేతులు ఖాళీ లేవు," అంది, దాని తల నిమురుతూ. తర్వాత, నాతో కాదు, దానితోనే, "కన్ను తప్పేశాను," అంది.

నేనూ వంగి చూశాను. పసుపు కాదు. నాయనమ్మ చింతపిక్కల రంగు. అది అమ్మనే చూస్తోంది. సాయంత్రందాకా అలా చూసి, ఆ తర్వాత చూడటం మానేసింది. దాన్ని తాడిచెట్టు మొదట్లో పాతిపెట్టొచ్చి, అమ్మ లాంతరు ముందేసుకుని రేకులన్నిటికీ కళ్లు మార్చింది. పొద్దున్నే నీటికాకులు వచ్చి వాటి మీదే వాలాయి. చూస్తూ వెయ్యలేదు, అందుకే ప్రాణం రాలేదని ఆవిడ ఇప్పటికీ అంటుంది. కన్ను మొదటే సరిగా పడుంటే వల కట్టేవాళ్లు కాదని, అది బతికేదని నమ్ముతుంది. కాదని ఎన్ని విధాల చెప్పినా ఆ మాట ఆవిడ లోపలికి దిగదు. ఆ పంట చేతికొచ్చాక నాన్న చెరువులు వదిలేసి మమ్మల్ని విజయవాడ తీసుకొచ్చేశాడు. ఆయనా ఇప్పుడు లేడు.

ఈమధ్య మా అపార్టుమెంటువాళ్లు బాల్కనీలన్నిటికీ పావురాల వలలు కట్టించాలని తీర్మానించారు. ఎదురు బ్లాకుకి ముందే కట్టారు. అందులో ఒక పావురం కాలు చిక్కి వేలాడుతోంది, తీసేవాళ్లు లేరు. అది చూసిన రోజే అమ్మ రేకు తెప్పించమంది. తల, రెక్కలు, గోళ్లు చేతి అలవాటు మీద పడిపోయాయి, వణుకు కూడా ఈకల్లో కలిసిపోయింది. కన్ను మాత్రం ఖాళీ. చూసి వేస్తానంటోంది. ఫోన్లో గరుడపక్షి ఫొటో వెతికి, పెద్దది చేసి చూపించాను. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసి వెనక్కిచ్చేసింది. "బాగుందే. ఇది నన్ను చూడట్లేదుగా," అంది.

మొన్న ఆదివారం కారులో ఆ దారిన తీసుకెళ్లాను. కాలవ గట్టు మీద సిమెంటు రోడ్డు పడింది. తాడిచెట్లు లేవు, తుమ్మచెట్టు లేదు, మా షెడ్డు ఆనవాలు లేదు. కనుచూపు మేర చెరువులు, వాటి మీద వలలు. కారు దిగి మధ్యాహ్నందాకా ఆకాశం చూస్తూ నిలబడ్డాం. ఏదీ రాలేదు.

ఇందాక వల కట్టే అతను ఫోన్ చేశాడు. మాదొక్కటే మిగిలిందట. ఎల్లుండి రమ్మన్నానని అమ్మతో చెప్పాను.

"అతనెప్పుడొస్తే ఏముందే. అదెప్పుడొస్తుందో చెప్పు," అంది రేకు మీంచి తల ఎత్తకుండా.

మా ఎదుట ఆకాశంలో పావురాలు తప్ప ఏమీ లేవు. ఎండిపోయి గట్టిపడిన కుంచెని కిరసనాయిల్లో ముంచి, తుడిచి, మళ్లీ అమ్మ చేతికిచ్చాను.