మామకు మిగిలిన ఒక్క పేపరు

ఆ ఉదయం గడప దగ్గర మామ బూట్లలో ఒకటే మెరుస్తోంది. రెండోదానికి పాలిష్ పెడుతూ గుండె పట్టుకుని కూలిపోయారని అత్త చెప్పింది. నేను హోసూరు ఆసుపత్రికి చేరేసరికి అంతా అయిపోయింది.

మామ తమిళనాడులో, సూళగిరి వైపు ఒక స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్. నలభై దాటాక దూరవిద్యలో డిగ్రీకి కట్టారు. హైవేలో లారీలు ఆపే డ్యూటీలోనూ చొక్కా జేబులో మడిచిన పాఠం ఉండేది. నాకు మనుషులతో మాట్లాడటం భయం, మామతో కాదు. ఒకే గదిలో, ఒక్క మాట లేకుండా, ఇద్దరం గంటలు చదువుకునేవాళ్లం.

ఒకసారి క్యారియర్ ఇవ్వడానికి స్టేషన్‌కు వెళ్లాను. ఒకామె గొర్రెలు పోయాయని వచ్చింది. ఇన్‌స్పెక్టర్ చెప్పినట్టే 'తప్పిపోయినవి' అని మామ తమిళంలో రాశారు. వేలిముద్రకు ముందు, తన పద్ధతి ప్రకారం, తెలుగులో చదివి వినిపించారు.

"ఇదేనా అమ్మా నువ్వు చెప్పింది?"

"తప్పిపోలేదప్పా! వ్యాన్లో ఎక్కించుకొని పోయినారు. నా కండ్లతో చూసినాను."

మామ ఆ కాగితం చించి, 'దొంగతనం' అని మళ్లీ రాశారు.

"ఏమప్పా, కాలేజీ మొగమా! నాకే చట్టం చెప్తావా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"చట్టం కాదు సార్. ఆయమ్మ మాట ఆయమ్మకే చదివి చెప్పినాను."

ఆ తర్వాత డిగ్రీలో మిగిలిన ఆఖరి పేపరు మూడుసార్లు పెట్టారు; ఆ మూడు ఆదివారాలూ ఇన్‌స్పెక్టర్ మామకు మా వైపు పోచంపల్లి సంతలో బందోబస్తు వేశాడు. హాల్ టికెట్ జేబులో పెట్టుకుని మేకల మధ్య నిలబడ్డారు.

"చదివింది యాడికీ పోదు పాపా. చదివినోడు కొట్టే ముందు అడుగుతాడు. అంతే తేడా" అనేవారు.

ఆ స్టేషన్లో కొత్తగా చేరిన డిగ్రీ కానిస్టేబుళ్లు ఇద్దరూ ఇప్పుడు ఫిర్యాదులు చదివి వినిపిస్తున్నారట. మామ తెచ్చిన మార్పు అది.

ఇన్‌స్పెక్టర్‌ను మామ క్షమించారు. నేను క్షమించలేదు.

అంత్యక్రియలకు ఇన్‌స్పెక్టర్ పెద్ద గులాబీల దండతో వచ్చాడు. "చదువుకున్న పోలీసులే డిపార్ట్‌మెంట్‌ను మార్చాల. నేనూ డ్యూటీ చేస్తానే ఎం.ఏ. చేసినాను" అని అందరికీ వినబడేలా అన్నాడు. ఆ పట్టా చూపించి, కొత్త పోలీసులకు పాఠాలు చెప్పే పదవి అడుగుతున్నాడట. అత్త చేతులు జోడించింది. నేను జోడించలేదు.

అతని ఎం.ఏ. అసైన్‌మెంట్లు, పరీక్షకు సెలవిస్తాడన్న ఆశతో, మామ నాచేత రాయించారు. యూనివర్సిటీలో అన్నీ నా చేతిరాతలోనే ఉన్నాయి.