మా గల్లీ జ్వరం

పిల్లలకు జీవశాస్త్రం చెప్పే మనిషిని నేను. దోమ బొమ్మ కళ్ళు మూసుకుని బోర్డు మీద గీయగలను. అయినా మా పాపకు డెంగీ అని తేలిన రోజు, మా ఇంట్లో పనిచేసే ఆవిడను గుమ్మంలోనే నిలబెట్టి, "మీ ఊరికి పోయి ఏం జ్వరం తెచ్చినవో ఏందో, రేపటి నుంచి రాకు" అన్నాను. ఆవిడ ఊరు చండ్రుగొండ అవతల, అడవి అంచున ఉంది. పండక్కి వెళ్ళి వారం కిందటే వచ్చింది. నాకు ఆ మాత్రం చాలు. అక్కడితో ఊరుకున్నానా? టౌనులో ఖానాపురం హవేలి అనే మా పేటలో, గల్లీ పొడుగునా ఒక్కో గుమ్మం దగ్గర ఆగి మరీ చెప్పాను. ఆవిడ చేసే మిగతా రెండిళ్ళ వాళ్ళూ అదే వారం మానిపించారు. పని లేక ఆవిడ ఊరికి వెళ్ళిపోయింది.

పాప కోలుకుని దవాఖానా నుంచి ఇంటికి వచ్చాక, ఆశా వర్కర్ వచ్చి మా మేడ ఎక్కింది. మాకు నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. అందుకని డ్రమ్ము నింపుకుంటాం. అడుగు నీళ్ళు ఎప్పటివో, వాటి మీదే కొత్తవి పోస్తుంటాం. మంచినీళ్ళు పారబోయడానికి మనసొప్పదు. ఆమె టార్చి వేసి చూపించింది. దోమ పురుగులు తోక పైకెత్తి గింజుకుంటున్నాయి.

"గీ గల్లీలనే నలుగురికి వచ్చింది మేడమ్. మీ పనామె ఊరి ఆశాను అడిగిన, ఆడ ఒక్క డెంగీ కేసు లేదు," అంది.

నాకు తెలియని సంగతా? అడవి ఊళ్ళలో ఎక్కువగా వచ్చేది మలేరియా. ఆ దోమ వేరు, అసలు మలేరియాకు కారణం వైరస్సే కాదు. డెంగీ దోమకు కదలని నీళ్ళు కావాలి, అప్పటికే వైరస్ ఒంట్లో ఉన్న మనిషి దొరకాలి, ఆ పక్కనే ఇంకో ఇల్లుండాలి. మూడూ ఉన్నది మా గల్లీలో. పరీక్షలో ఈ ప్రశ్నకు మార్కులు వేసేది నేనే. అడవి అనే మాట తగిలేసరికి చదివిందంతా ఎగిరిపోయింది. సిగ్గుతో చచ్చాను.

ఆదివారం బస్సెక్కి ఆవిడ ఊరికి వెళ్ళాను. ఇల్లు ఒకటిక్కడ, ఒకటక్కడ. బోరింగు దగ్గర ఆడవాళ్ళు నిన్నటి నీళ్ళు పారబోసి, బిందెలు తోమి, మళ్ళీ పట్టుకుంటున్నారు. రోజూ అంతేనట.

ఆవిడ నన్ను చూడగానే "పాపకు ఎట్లుందమ్మా?" అంది. లోపలికి వెళ్ళి ఒక కాగితం తెచ్చింది. "నా వల్లనే వచ్చిందేమోనని భయమైంది. సర్కారు దవాఖానాకు పోయి రక్తం ఇచ్చిన. ఏం లేదన్నరు. చూడుండ్రమ్మా."

నేను వేసిన నిందకు ఆవిడ ఋజువు తెచ్చి దాచుకుంది. ఆ కాగితం అందుకోవడానికి నాకు చెయ్యి రాలేదు.

"తప్పు మాది. దోమ మా డ్రమ్ములోనే పుట్టింది. మళ్ళీ పనికి రా," అన్నాను.

ఆవిడ కాగితం మడిచి కొంగున ముడేసుకుంది.

"గా మాట మీ గల్లీల చెప్పిండ్రా అమ్మా?"

చెప్పలేదు. ఆ రోజు ఆశా వర్కర్ మెట్లు దిగి వెళ్ళగానే, పక్కింటివాళ్ళు చూడకముందే, డ్రమ్ము కడిగి బోర్లించేశాను.