గంజి పెట్టిన గిటారు

ఈ సాయంత్రం గిటారును గుడ్డసంచీలోంచి తీయగానే కర్పూరం కలిపిన కొబ్బరినూనె వాసన గుప్పుమంది. ఆ నూనె మా ఇంట్లో ఉంచేది మా కూతురు పాప కోసమే. దానికి నాలుగేళ్ళు. కాస్త చలిగాలి తగిలితే చాలు దగ్గు మొదలవుతుంది, అది రెండుసార్లు దగ్గితే నాకు రాత్రంతా నిద్ర ఉండదు, లేచి లేచి దాని రొమ్ముకు నూనె రాస్తూనే ఉంటాను. గిటారు ముందు చెక్కమీద నిండా జిడ్డు, జిడ్డులో చిన్న చిన్న వేళ్ళ గుర్తులు. పాపను గట్టిగా పిలవబోతూ, ఎంత లోపలికి ఇంకిందో చూద్దామని మొహం దగ్గరికి తెచ్చుకున్నాను. నూనె వాసన అడుగున, ఆ గుండ్రటి రంధ్రం లోపలినుంచి, పుల్లగా, పాతగా మరొక వాసన వచ్చింది. గంజి వాసన. పిలుపు నా నోట్లోనే ఆగిపోయింది.

మేము తిరుత్తణిలో కొండ కింద నేతవీధిలో ఉండేవాళ్ళం. ఇంకా వెలుగు రాకముందే పొడుగాటి నిలువు పోగుల పడుగును వీధి ఈ చివరినుంచి ఆ చివరికి కర్రల మీద చాచి కట్టి, అటు నలుగురు ఇటు నలుగురు నిలబడి, రాత్రి కాచి చల్లార్చిన బియ్యపు గంజిలో పెద్ద కుంచెలు ముంచి నూలుమీద ముందుకూ వెనక్కూ ఆడించుకుంటూ నడిచేవాళ్ళు. ఎండ పైకొచ్చేసరికి పోగులన్నీ బిరుసెక్కి, వేలితో తాకితే పెళపెళమనేవి. గంజి పెడితేనే నూలుకు బలం అన్నది నేను అక్షరాలకంటే ముందు నేర్చుకున్న సంగతి. తమిళ లెక్కలో ఆడినెల రాగానే ఈదురుగాలి వచ్చి పడుగును ఊయలలా ఊపేది, మా అవ్వ గాలిని తిట్టిపోసేది, మేము పడుగు కింద దూరి అటూ ఇటూ పరుగెత్తి అందరిచేతా తిట్లు తినేవాళ్ళం.

మునిరత్నం చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, పగలంతా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని నేసేవాడు, సాయంత్రం గిటారు వాయించేవాడు. అరక్కోణం రైల్వే కాలనీలో ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు ఊరు విడిచిపోతూ ఆయనకు ఇచ్చిన గిటారు అది. చిన్నది. ఇరుకు భుజాలు, లోతైన నడుము, పొట్ట కూడా పలుచన. తొమ్మిదేళ్ళ నా ఒళ్ళో అది తమ్ముణ్ణి కూర్చోబెట్టుకున్నట్టు కూర్చునేది. కొత్తగా మగ్గమెక్కేవాడి మోకాలి కింది పొడవును నూలుపోగుతో కొలిచి, ఆ లోతుకే గుంట తవ్వడం మా వీధి అలవాటు. ఒకరి గుంటలో ఇంకొకరు కూర్చుంటే సాయంత్రానికి నడుము పడిపోతుంది. మా తాత ఒకరోజు అదే నూలుపోగుతో నా మోచేతినుంచి వేలికొనదాకా కొలిచి, గిటారు వెడల్పుకు పెట్టి చూసి, "ఇది ఈ పిల్ల కొలతకే చేసినట్టుండాది రా," అన్నాడు చిన్నాయనతో. ఆ మాటతో గిటారు నాదే అయిపోయింది, నా లెక్కలో.

పొట్ట సైజును బట్టి గిటారు గొంతు మారుతుందని చిన్నాయన చెప్పేవాడు. నమ్మకపోతే పెరట్లో చెంబు, బిందె, ధాన్యపు కాగు వరసగా పెట్టించి, మమ్మల్ని ఒక్కొక్కదాని మూతికి నోరు ఆనించి "ఓ" అని అరవమనేవాడు. చెంబులో గొంతు సన్నగా, చెవి పక్కనే ఉన్నట్టు పలికేది. కాగులో తలదూర్చి అరిస్తే ఎవరో ముసలాయన లోపల కూర్చొని బదులిచ్చినట్టుండేది. ఆ ఆట అయిపోయాక మా జుట్టునిండా వడ్లపొట్టు, మా అవ్వ చేతిలో దువ్వెన.

చిన్నాయనకు ఒకే ఒక ఆశ ఉండేది. కొండమీది స్వామికి ఆడి కృత్తిక పండుగ జరిగే మూడు రోజులూ కొండకు పూల కావళ్ళు ఎక్కుతుంటే, కింద బజారులో పందిరేసి కచేరీ పెడతారు. ఆ పాటల బృందంలో ఆయనకు చోటు దొరికింది. కానీ రెండుసార్లు సాధన చేయించాక, బృందం నడిపే ఆయన మా ఇంటికే వచ్చి తేల్చి చెప్పేశాడు.

"నీ చెయ్యి ఆడేది కనపడతా ఉండాది మునిరత్నం, సత్తమే వినపడలా. డోలక్కు పక్కన అది దోమ పాడినట్టుండాది. పెద్ద గిటారు తెచ్చుకో, లేదంటే ఈ తూరి వదిలెయ్."

చిన్నాయన మద్రాసులో ఒక గిటార్ల అంగడాయనతో మాట్లాడుకొని వచ్చాడు. చిన్నదాన్ని ఇచ్చి, పైన కొంచెం డబ్బు వేస్తే పెద్దది ఇస్తాడట. "శనివారం పోతాం పాపా, నువ్వూ రా, గోడనిండా గిటార్లుంటాయి," అన్నాడు. ఆయన మొహం వెలిగిపోతోంది. నేను పోయి నా గిటారును ఒళ్ళోకి తీసుకొని కూర్చున్నాను.

శుక్రవారం తెల్లవారి వీధంతా పడుగు దగ్గరుంటే, నేను కొబ్బరిచిప్పలో గంజి, అరిగిపోయిన ఒక కుంచె పట్టుకొని మిద్దెక్కాను. నా ఆలోచన చాలా సూటిది. బలంలేని నూలుకు ఏం చేస్తారు? బలంలేని గిటారుకూ అదే. గొంతు పెరిగితే మద్రాసు పోయే పనే ఉండదు. తీగలకు పెట్టాను, ముందు చెక్కకు పెట్టాను, రంధ్రంలోంచి చెయ్యి దూర్చి లోపల కూడా పెట్టాను. అంతా చేసి, పడుగును ఆరబెట్టినట్టే, ఎండలో పడుకోబెట్టాను. మధ్యాహ్నం దాన్ని ఎత్తుకుంటే లోపల ఎక్కడో టప్పుమంది. బిరుసెక్కిందనుకొని సంబరపడ్డాను. ఎవరూ చూడకుండా సంచీలో పెట్టి మూతి కట్టేశాను.

ఆ శనివారం అంగట్లో గోడమీద గిటార్లు నాలుగు వరసల్లో వేలాడుతున్నాయి. ముసలి అంగడాయన నన్ను స్టూలుమీద కూర్చోబెట్టి, ఒక్కోటీ ఒళ్ళో పెట్టాడు. మొదటిది మా గిటారుకు అక్కచెల్లెలు. రెండోది నడుము అంతే, కింది పొట్ట మాత్రం కాస్త గుండ్రం, పెళ్ళయి ఏడాది తిరిగిన అక్కలాగా. మూడోదానికి నడుమే లేదు, చదరపు భుజాలు, బియ్యం మూటంత వెడల్పు. దాని మీదుగా తొంగిచూడాలంటే గడ్డం ఎత్తాల్సి వచ్చింది, మోచెయ్యి చెవిదాకా లేచింది, వేళ్ళు తీగలకు అందనే లేదు. నాలుగోది గుమ్మడికాయ, దాన్ని ఒళ్ళో పెట్టుకుంటే నేనే కనపడలేదట. చిన్నాయన మూడోదాన్ని తీసుకొని ఒకసారి మీటాడు. ఆ మోత నా చెవులకంటే ముందు నా కడుపులోకి వచ్చింది. ఇంతగా వాయించగలడా మా చిన్నాయన అని నోరు తెరిచాను.

"పెద్దది మేలు, చిన్నది తక్కువ అని లేదు పాపా," అన్నాడు అంగడాయన. "ఇంట్లో నలుగురు వినేదానికి ఆ పొట్ట చాలు. పందిట్లో నాలుగొందల మంది వినాలంటే ఈ పొట్ట కావాల. కూడే జనాన్ని బట్టి పొట్ట."

తర్వాత మా సంచీ విప్పాడు. ముందు చెక్క ఉబ్బి ఉంది. తీగల్ని పట్టి ఉంచే చెక్కముక్క ఒక పక్క లేచి నోరు తెరిచింది. తెల్లటి పెచ్చులు ఆయన చేతిమీద రాలాయి. ముక్కు దగ్గర పెట్టుకొని, "ఏమయ్యా, దీంట్లో ఇడ్లీకి పిండి పులియబెట్టినావా?" అన్నాడు.

చిన్నాయన ఒక్క క్షణం గిటారును చూశాడు, తర్వాత నన్ను. నా గోళ్ళ సందుల్లో గంజి ఇంకా తెల్లగా ఉంది.

"మేము నేసేవాళ్ళం సామీ," అన్నాడు నెమ్మదిగా. "మాకు తెలిసిన మందు గంజి ఒకటే. నేనే పెట్టినా."

దాన్ని తీసుకోవడం కుదరదన్నాడు అంగడాయన. మూడోది మళ్ళీ గోడకెక్కింది.

తిరుగు రైలు తిరువళ్ళూరు దాటింది. కిటికీలోంచి గాలికి గంజి పెచ్చులు నా పావడామీద రాలుతున్నాయి. ఏడుపు ఆపుకోలేక ముక్కు ఎగబీల్చాను. ఆయన పక్కకు జరిగి నన్ను దగ్గరికి లాక్కున్నాడు.

"ఎన్ని తూర్లు ఆడిచ్చినావు కుంచె?"

"మూడు."

"రెండు తూర్లు చాలుంటది," అన్నాడు.

ఆడి కృత్తికనాడు పందిట్లో వేరే ఊరివాడెవరో పెద్ద గిటారు వాయించాడు. జనం మధ్యలో చిన్నాయన నన్ను భుజాలమీద ఎక్కించుకొని నిలబడ్డాడు. నా చేతిలో బొరుగుల పొట్లం, చుట్టూ సంపెంగల వాసన, కొండమీదినుంచి హరోంహరా కేకలు. పాట మొదలయ్యేసరికి నా కాలిమీద ఏదో కదులుతున్నట్టు అనిపించి కిందికి చూశాను. నా కాళ్ళు పట్టుకున్న చేతివేళ్ళు, వేదికమీది గిటారుతోపాటు, ఒక్క మీటు కూడా తప్పకుండా నా పిక్కమీద వాయిస్తున్నాయి. బృందంవాళ్ళు ఆయన్ను మళ్ళీ పిలవలేదు. వానతేమకే చెక్క ఊడిందని చిన్నాయన చెప్పాడు, మా ఇంట్లోవాళ్ళు ఈనాటికీ అదే అనుకుంటున్నారు.

మగ్గాలు చేసే వడ్రంగి ఆ ముక్కను మళ్ళీ అతికించాడు. అప్పటినుంచి అడుగు తీగ మీటితే గరగరమంటుంది. నేను వాయించడం నేర్చుకున్నది ఆ గరగరతోనే. పెళ్ళయి వస్తుంటే చిన్నాయన దాన్ని నా పెట్టెపక్కన పెట్టాడు. ఆయన ఇప్పుడు తిరువళ్ళూరులో ఒక బట్టలంగట్లో గజాలు కొలుస్తున్నాడు. మా వీధిలో గుంటలన్నీ పూడ్చి పైన సిమెంటు వేశారు. తెల్లవారితే మోటారుసైకిళ్ళు తప్ప పడుగు చాచేవాళ్ళు లేరు. కుంచె ఎలా ఉంటుందో చూపిద్దామన్నా మా పాపకు చూపించడానికి ఒక్కటీ మిగల్లేదు. ఆ వాసన ఒక్కటే, ఈ చిన్న పొట్టలో దాక్కొని ఉంది.

తల ఎత్తి చూస్తే పాప వంటింటి గడప దగ్గర నిలబడి ఉంది. చేతులు వెనక దాచుకుంది.

"ఎందుకు పూసినావే?" అన్నాను.

"అది దగ్గుతా ఉండాది మా," అంది. "నువ్వు చూసుకోలేదు."

అడుగు తీగ మీటి చూశాను. గరగరమంది. నిజమే, దగ్గే.

"ఎన్ని తూర్లు పూసినావు?"

పాప వెనకనుంచి చేతులు ముందుకు తెచ్చింది. సీసా ఖాళీ.

పాపను ఒళ్ళోకి లాక్కొని, దాని ఒళ్ళో గిటారు పెట్టాను. మా ఇద్దరి ఒళ్ళూ కలిపి సరిగ్గా సరిపోయింది.

"రెండు తూర్లు చాలుంటది," అన్నాను.