తూము మూల ఫార్వర్డు

మా ఊళ్లో ఫుట్‌బాల్ ఆడేది గ్రౌండులో కాదు, రొయ్యల గుంటలో. ఎప్పుడో వైరస్ తగిలి పంట మొత్తం పోతే, ఆసామి విసిగిపోయి నీళ్లు వదిలేసి, మళ్లీ ఆ గుంట ముఖం చూడలేదు. ఎండకు అడుగు గట్టిపడింది. నాలుగు వైపులా గట్టు ఉంది కాబట్టి జనం కూర్చోడానికి వేరే ఏర్పాటు అక్కర్లేకపోయింది. నా రొయ్యల మేత దుకాణంలో ఖాళీ అయిన బస్తాల్లో ఇసుక నింపి గట్టు మీద వరసగా పరిచాం. గోలు పోస్టులకు పాత వల కట్టాం. తోటపల్లి గూడూరు మండలంలో ఇంతకంటే మంచి స్టేడియం లేదని మేం చెప్పుకుంటాం. ఇంకో స్టేడియం ఉందని ఎవరూ అనలేదు కాబట్టి ఆ మాట ఇప్పటికీ నిలబడి ఉంది.

గుంటకు ఒక్కటే లోపం. రొయ్యలు పట్టే రోజున నీళ్లు బయటికి పోవాలి గనక, అడుగు మొత్తం తూము వైపు వాలుగా ఉంటుంది. బంతిని ఎటు తన్నినా, ఎవరూ ఆపకపోతే చివరికి అది దొర్లుకుంటూ తూము మూలకే చేరుతుంది. అక్కడికి పరిగెత్తి, అవతలి జట్టువాడికంటే ముందు దాన్ని పట్టుకుని, వాలు మీద ఎదురు తన్నుకుంటూ తేవడానికి ఒక మనిషి కావాలి. పదేళ్ల పాటు ఆ మనిషి మా ఫార్వర్డు.

అతని పేరు రాయను. గొప్ప గౌరవం ఏమీ కాదు. మా గట్టు మీద ఆ పేరు తిట్టుగా వాడి వాడి అరిగిపోయింది. బంతి ఎవరు పోగొట్టినా మేం అరిచేది అతని పేరే. రిఫరీ విజిల్ తప్పుగా ఊదితే అతని పేరే. ఒకసారి మ్యాచ్ మధ్యలో వాన వస్తే మా వాళ్లలో ఒకాయన గొడుగు విప్పుకుంటూ అతని పేరే పట్టుకుని తిట్టాడు. ఆ పేరు వెనక నాలుగు మాటలు కూడా ఉండేవి. అవి రాస్తే ఈ పుస్తకం ఇంట్లో పెట్టుకోలేరు.

అందరిలోకీ పెద్ద గొంతు నాది. బస్తాలు ఇచ్చినవాణ్ణి కాబట్టి మధ్య గీతకు ఎదురుగా నాకో చోటు శాశ్వతంగా ఉండేది. అక్కడ కూర్చుని అరిస్తే అవతలి గట్టు దాకా స్పష్టంగా వినిపిస్తుంది.

అతను మూడు గుంటల మీద పనిచేసేవాడు. నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు చూసుకోవాలి, మేత చల్లాలి, రొయ్యలు తిన్నాయో లేదో చెక్ ట్రేలు ఎత్తి చూడాలి. సాయంత్రం నాలుగింటికి ఆ పని ముగించుకుని, ఒంటి నిండా మేత వాసనతో వచ్చి చొక్కా మార్చుకునేవాడు. అప్పటినుంచి చీకటి పడేదాకా పరుగే. ముందుకు పరిగెత్తేవాడు, బంతి పోతే వెనక్కి పరిగెత్తేవాడు, వెనక కాపు కాయాల్సిన మా బ్యాకులు చూస్తూ నిలబడితే వాళ్ల పని కూడా చేసేవాడు. గోల్స్ మాత్రం అరుదుగా పడేవి. ఏడాదికి రెండో మూడో. అవి కూడా మోకాలికి తగిలో, వీపుకు తగిలో లోపలికి పోయినవి.

అతని పక్కన ఇంకో ఫార్వర్డు ఉన్నాడు. జుట్టుకు రంగు, బూట్లకు ఇంకో రంగు. నడుం మీద రెండు చేతులూ పెట్టుకుని గోలు దగ్గర నిలబడతాడు. బంతి కాళ్ల ముందుకొచ్చి ఆగితే కొడతాడు. కొంచెం పక్కగా వస్తే, ఇచ్చినవాడి వైపు చూసి చేతులు విసురుతాడు. మేం అతనికి ఈలలు వేసేవాళ్లం, భుజాల మీద ఎత్తుకునేవాళ్లం. ఆ బంతి తూము మూల నుంచి అక్కడిదాకా ఎలా వచ్చిందని మాలో ఒక్కడికీ అనుమానం రాలేదు.

మాకు ఆట తెలియదనుకోకండి. బాగా తెలుసు. ప్రతి ఒక్కడి ఫోనులోనూ విదేశీ మ్యాచ్‌లు వస్తాయి. ఏదో దేశపు ఫార్వర్డు గోలు కొట్టకపోయినా సగం గ్రౌండు వెనక్కి పరిగెత్తి బంతి లాక్కుంటే, నా దుకాణం ముందు చర్చ జరుగుతుంది. "అదబ్బా ప్రెస్సింగ్ అంటే! అట్టాంటోడు టీంలో ఒకడు ఉంటే చాలు" అని మెచ్చుకుంటాం. ఆ తర్వాత గుంట దగ్గరికి పోయి, అదే పని చేస్తున్న మావాణ్ణి చూసి, గోలు కొట్టడం చేతగాక వెనక్కి పారిపోయి వస్తున్నాడని తిట్టేవాళ్లం.

ఈ ఎండాకాలం మొదట్లో అతను దుకాణానికి వచ్చాడు. "అన్నా, గుజరాత్ పోతా ఉండా. మా ఆసామి అక్కడ గుంటలు లీజుకు తీసుకున్నాడు. సూపర్వైజర్‌గా రమ్మన్నాడు. ఇంటామెను గూడా తీసకపోతా ఉండా" అన్నాడు. మళ్లీ ఎప్పుడు వస్తావంటే, రెండు మూడేళ్లు పడుతుందన్నాడు.

ఆ సాయంత్రానికే ఊళ్లో అతని గొప్పతనం బయటపడింది. అలాంటి ఆటగాడు మళ్లీ పుట్టడని ఒకరు, జట్టుకు వెన్నెముక అని ఒకరు. ముందు వారమే అతన్ని తీసేసి తన తమ్ముణ్ణి పెట్టమని గొడవ చేసిన పెద్దమనిషి కళ్లు తుడుచుకున్నాడు. వీడ్కోలు మ్యాచ్ పెట్టాలని, సన్మానం చేయాలని కమిటీ వేశాం. కమిటీ చేసిన మొదటి పని ఫ్లెక్సీ. అందులో పైన మా చర్చి పాస్టరుగారు, ఆ కింద కమిటీ సభ్యులం పదకొండు మందిమి, నల్ల కళ్లద్దాలతో. కుడి చేతి కింది మూలన, బల్బు సైజులో అతను. ఆ ఫ్లెక్సీ చూసినవాళ్లు ఊరు వదిలి పోతున్నది మేమనే అనుకుని ఉంటారు.

ఫ్లెక్సీ కట్టడానికి నిచ్చెన ఎక్కింది కూడా అతనే. "నువ్వెందుకురా, దిగు" అని నేనన్నాను. "ముడి సరిగ్గా రాలా అన్నా, గాలికి ఊడిపోద్ది" అన్నాడు. సముద్రం గాలికి నా ముఖం చిరిగిపోకుండా నాలుగు మూలలా గట్టిగా బిగించి దిగాడు. దిగుతూ, మామూలు మాటలాగే ఒక మాట అన్నాడు.

"ఆదివారం మా ఇంటామె గూడా వస్తానంటా ఉందన్నా. ఇన్నేళ్లలో ఒక్కసారి గూడా నా ఆట చూళ్ళా గదా."

వాళ్లావిడది బోగోలు వైపు. పెళ్లై వచ్చి తొమ్మిదేళ్లయింది. మా దుకాణానికి వస్తే "అన్నా" అని తప్ప పిలవదు, క్రిస్మస్‌కు గిన్నె నిండా కజ్జికాయలు పంపుతుంది. తన భర్త ఊరందరి చేతా ఎలాంటి మాటలు పడుతున్నాడో ఆమె చెవిన పడలేదు. ఇప్పుడు నేరుగా వచ్చి గట్టు మీద, మా మధ్యలో కూర్చుంటానంటోంది.

కమిటీ వెంటనే మళ్లీ కూర్చుంది. రెండు తీర్మానాలు జరిగాయి. ఒకటి, ఆదివారం గట్టు మీద ఎవరూ నోరు జారకూడదు. రెండోది, ఆమె కళ్ల ముందు అతను ఒక గోలు కొట్టి తీరాలి. పదేళ్లు మేం చేసిన పాపానికి ఒక్క గోలుతో చెల్లు అవుతుందని మా లెక్క. ఆ గోలు పడితే ఆమె గుజరాత్ దాకా దాన్నే తలుచుకుంటూ పోతుంది, మేం మిగతాదంతా మరిచిపోతాం.

అయితే అతను మామూలుగా గోలు కొడతాడన్న నమ్మకం మాలో ఎవరికీ లేదు. అందుకని ఆడటానికి వస్తున్న పక్క మండలం జట్టు గోలీని, అదే గోల్‌కీపర్ని, పట్టుకున్నాం. మాట్లాడింది నేనే. మ్యాచ్ అయ్యాక బిర్యానీ, అందులో రెండు లెగ్ పీసులు ప్రత్యేకంగా అతనికే అని ఒప్పందం. "మా వాడు బంతితో వస్తే నువ్వు పక్కకు పడిపోవాల, అంతే" అన్నాను. "ఎటు పడాల్నో చెప్పన్నా, పడతా" అన్నాడు. అంత మర్యాదస్తుణ్ణి నేను చూడలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక, సాయంత్రం మూడున్నరకే గట్టు నిండింది. సన్మానం ముందే పెట్టాం. శాలువా కప్పారు, పూలదండ వేశారు, పాస్టరుగారు ప్రయాణం కోసం ప్రార్థన చేశారు. నేను మైకు పట్టుకుని అంకితభావం, క్రమశిక్షణ, త్యాగం అని ఇరవై నిమిషాలు మాట్లాడాను. అందులో ఇసుక బస్తాల గురించి పన్నెండు నిమిషాలు. అతన్ని రెండు మాటలు మాట్లాడమనేలోపు రిఫరీ విజిల్ ఊదాడు. అతను శాలువా మడత పెట్టి భార్య చేతికిచ్చి గుంటలోకి దిగాడు. ఆమె నా వరసలోనే, మా ఆవిడ పక్కన, శాలువా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

మొదటి సగం అంతా గట్టు మీద మర్యాద రాజ్యమేలింది. అతను బంతి పోగొట్టుకుంటే "పర్లేదు నాయనా" అన్నాం. ఎప్పుడూ లేని ఆ మాటకు అతను రెండుసార్లు ఆగి, ఏమైందోనని మా వైపు చూశాడు. మేం తిట్టకపోతే అతనికి ఆట సాగుతున్నట్టు లేదు. అతను ఎటు పరిగెత్తితే వాళ్లావిడ తల అటు తిరుగుతోంది.

రెండో సగం ముగియబోతోంది, గోలు లేదు. బంతి తూము మూలకు దొర్లింది. అతను వెళ్లి ఇద్దరి మధ్యలోంచి లాక్కుని, వాలుకు ఎదురు తన్నుకుంటూ వచ్చాడు. రంగు జుట్టు ఫార్వర్డు చేతులు చాచి నాకివ్వు అంటున్నాడు. ఇవ్వనివ్వకు ప్రభూ అని నేను లోలోపల దేవుణ్ణి వేడుకున్నాను. ఇవ్వలేదు. అతని ముందు గోలీ ఒక్కడే. గట్టు మొత్తం లేచి నిలబడింది.

మేం మాట్లాడుకున్న గోలీకి మాట మీద నిలబడాలన్న ఆత్రం ఎక్కువైంది. బంతి ఇంకా పది అడుగుల దూరంలో ఉండగానే దబ్బున పడిపోయాడు. పడ్డవాడు ఊరికే ఉంటే బాగుండేది. నిజంలా ఉండాలని కాలు పట్టుకుని "అమ్మా" అని కేక కూడా పెట్టాడు.

అతను ఆగిపోయాడు. ఎదురుగా ఖాళీ గోలు. కళ్లు మూసుకుని తన్నినా పోతుంది. అతను బంతిని పక్క గీత అవతలికి తన్నేసి, గోలీ దగ్గరికి పరిగెత్తి, మోకాళ్ల మీద కూర్చుని వాడి కాలు తన భుజం మీద పెట్టుకుని వేళ్లు వెనక్కి వంచడం మొదలుపెట్టాడు. మా వైపు తిరిగి "నీళ్లు తెండి! కాలు పట్టేసినట్టుండాది" అని అరిచాడు.

రెండు తీర్మానాలూ ఒక్కసారే గాలిలో కలిసిపోయాయి. పదేళ్ల అలవాటు గట్టు నాలుగు వైపుల నుంచీ బయటికి తన్నుకొచ్చింది. నూరు గొంతులు అతని పేరు అరిచాయి. ముందు లేచింది నా గొంతే. పేరు అరిచాను, వెనకనున్న నాలుగు మాటలూ అరిచాను, అరచేత్తో నుదురు కొట్టుకున్నాను. అప్పుడు మా ఆవిడ నా పంచె పట్టి లాగింది.

చూస్తే అతని భార్య నా వైపే చూస్తోంది. ఇందాక మైకులో త్యాగం, క్రమశిక్షణ అన్నది ఈ నోరే. నాకు కూర్చోవాలో నిలబడాలో తెలియలేదు. ఆమె ఏడుస్తుందనుకున్నాను, లేదా తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

ఆమె శాలువా సర్దుకుని, నెమ్మదిగా అంది. "ఆయన రోజూ ఇంటికొచ్చి చెప్పేవాడన్నా. గ్రౌండులో అందరూ నా పేరే అరస్తారు అని. నేను నమ్మలా. ఎగతాళి చేసేదాన్ని."

గుంటలో ఇంకా గోలీ కాలు వంచుతున్న భర్త వైపు చూసింది. "నిజమే చెప్పినాడు."

ఆమె ఏం విన్నదో, ఏం విననట్టు ఊరుకుందో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆమె ముఖంలో కోపం లేదు. అలాగని నవ్వు కూడా లేదు. నాకు మాత్రం ఒళ్లంతా సిగ్గేసింది. అంత సిగ్గు నేను పెళ్లిచూపుల్లో కూడా పడలేదు.

మ్యాచ్ సున్నా సున్నాతో ముగిసింది. గోలీ పాపం, ఒప్పుకున్న వేషం వదల్లేక చీకటి పడేదాకా కుంటాడు. కుంటుతూనే రెండు లెగ్ పీసులూ తిన్నాడు. మావాడు తన పళ్లెం పక్కన పెట్టి, వాడి కాలికి నూనె రాస్తున్నాడు. నేను దగ్గరికి వెళ్లాను. నిన్ను పదేళ్లు ఉత్తపుణ్యానికి తిట్టాం, నువ్వు లేకపోతే మాకు ఆటే లేదు, క్షమించు అందామని వెళ్లాను. అక్కడ నిలబడి, "రైల్లో జాగ్రత్త, పెట్టెలు సీటు కింద పెట్టుకో" అన్నాను. "అట్టనే అన్నా" అన్నాడు.

మర్నాడు ఇద్దరూ నెల్లూరులో రైలెక్కారు. ఫ్లెక్సీ ఇంకా ఉంది. అతను కట్టిన ముళ్లు కదా, ఏ గాలికీ ఊడలేదు. ఎండకు మా పదకొండు ముఖాలూ వెలిసిపోయాయి గానీ, చెట్టు నీడ పడే ఆ కింది మూలన అతను మాత్రం అలాగే ఉన్నాడు.

తర్వాతి నెల చిల్లకూరు వైపు జట్టు వచ్చింది. నేను నా బస్తా మీద కూర్చున్నాను. ఆట మొదలైన కాసేపటికే బంతి మా వాళ్ల కాళ్ల నుంచి జారి తూము మూలకు దొర్లసాగింది. రంగు జుట్టు ఫార్వర్డు నడుం మీద చేతులు పెట్టుకుని, ఎవరో తెస్తారని చూస్తున్నాడు. బ్యాకులు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. బంతి మెల్లగా, ఏ తొందరా లేకుండా పోతూనే ఉంది. దాని వెనక ఒక్కడూ పరిగెత్తడం లేదు.

గట్టు మీద అందరం లేచి ఒక్క గొంతుతో అతని పేరు అరిచాం. పదేళ్లలో మొదటిసారి ఆ పేరు వెనక ఇంకో మాట రాలేదు.