మాష్టారు ఊపిరి తీసుకునే చోటు

కలకత్తా నాకు కొత్త కాదు, కానీ ఈసారి వెళ్ళింది ఊరు చూడటానికి కాదు. మా తమ్ముడు శంకర్ సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సులో ఉంటాడు. వాడి పన్నెండేళ్ళ కూతురు ఝాన్సీ, వాళ్ళ బడిలో ఇంకో పదమూడుమంది పిల్లలు వయొలిన్ నేర్చుకున్నారు. పేరున్న ఆర్కెస్ట్రా ఒకటి ఈ పిల్లల్ని తమ పక్కన కూర్చోబెట్టుకుని కచేరీ చేస్తుందట. "అత్తా, నువ్వు రాకపోతే నాను వాయించను" అని ఝాన్సీ ఫోనులో బెదిరించింది. వాళ్ళకి నేర్పిన సూర్నారాయణ మాష్టారు రేవులో పనిచేసి రిటైరైన శ్రీకాకుళం మనిషి. మొన్న వానాకాలంలో పోయారు. ఆయన లేని దిగులుతో పిలుస్తోందనుకుని టిక్కెట్టు కొన్నాను.

విశాఖలో సాయంత్రం రైలెక్కితే పొద్దున్నకల్లా సంత్రాగాఛి. స్లీపర్ అయిదువందల లోపే. అక్కడినుంచి పిల్లలందరితో కలిసి హౌరాకి లోకల్ రైలు, హౌరా నుంచి నది దాటి బాబూఘాట్‌కి లాంచీ, రెండూ కలిపి ఇరవై రూపాయలు దాటవు. మంచులో అవతలి ఒడ్డు కనబడలేదు. లాంచీలో పిల్లలెవరూ నోరు విప్పలేదు. పద్నాలుగుమంది పిల్లలు పావుగంట గమ్మున కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు.

"ఏటే, ఇవాళ అందరికీ మౌనవ్రతమా?" అన్నాను.

"మనసులో వాయించుకుంటన్నాం అత్తా" అంది ఝాన్సీ. నాకు నవ్వొచ్చింది.

ఘాట్ నుంచి పది నిమిషాలు నడిస్తే పాత హాలు. పదిన్నరకి రిహార్సల్ మొదలైంది. కండక్టర్ అంటే నాకు బస్సులో టిక్కెట్లు కొట్టేవాడే తెలుసు. ఈయన చేతిలో సన్నటి పుల్లతో ముప్ఫైమంది పెద్దవాళ్ళని నడిపిస్తున్నాడు. పాట సగంలో, ఎవరూ సైగ చేయకుండానే, పిల్లల కమాన్లు పద్నాలుగూ ఒక్కసారి గాలిలోకి లేచి ఆగిపోయాయి. పెద్దవాళ్ళు వాయిస్తూనే ఉన్నారు. కాసేపటికి కమాన్లు మళ్ళీ కలిసే దిగాయి, కానీ తాళం తప్పింది. "అబార్" అన్నాడాయన, మళ్ళీ అని. రెండోసారీ, మూడోసారీ అక్కడే ఆగారు. నాలుగోసారి ఆగడానికి వీల్లేదని హిందీలో గద్దించాడు. ఈసారి ఆగలేదు. కానీ కాస్త ముందుకెళ్ళేసరికి ఒక్కొక్కరికీ దగ్గుతెర వచ్చింది, ఝాన్సీ పెదాలు నల్లబడ్డాయి. నేను కుర్చీలోంచి లేచిపోయాను. ఆయనకీ భయమేసిందేమో, గొంతు తగ్గించి తీర్పు చెప్పాడు. సాయంత్రం పిల్లలు వేదికమీద కూర్చోవచ్చు, కమాను మాత్రం తీగకి తగలకూడదు.

హాలు వెనక ఫుట్‌పాత్ మీద డెబ్బై రూపాయలకి అన్నం, చేపల పులుసు. ఝాన్సీ ముద్ద ముట్టలేదు. అక్కడ ఎందుకాగుతారని అడిగితే ఫోను తీసి వినిపించింది. ఈ పిల్లలకి తెలుగు చదవడం రాదు, స్వరాలు రాసిచ్చి లాభం లేదని మాష్టారు పాటంతా తానే వాయించి రికార్డు చేసిచ్చారట. ఉబ్బసం మనిషి. సరిగ్గా సగంలో ఫిడేలు ఆగింది. పిల్లికూతలతో ఒక పొడుగాటి ఊపిరి. మళ్ళీ ఫిడేలు. అదీ పాటలో భాగమేననుకుని నేర్చేసుకున్నారన్నమాట.

"ఊపిరి పాట కాదమ్మా. అది వదిలెయ్యి" అన్నాను.

"మేం ఆపకపోతే మాష్టారికి ఊపిరందదు అత్తా. పొద్దున్న సూసినావు గదా" అంది, లెక్క చెప్పినంత మామూలుగా. ఆ తర్వాత నాకు హాస్యాలాడబుద్ధి కాలేదు.

అయిదింటికి కచేరీ. పిల్లలు తీగలకి వెంట్రుకవాసి ఎడంగా కమాన్లు ఆడిస్తున్నారు.

"ఇంత దూరం తీసుకొచ్చి మూగోళ్ళని సేసీసినారు, అప్పా" అన్నాడు శంకర్ తల దించుకుని. నాకు ఏడుపొచ్చింది.

పాట సగానికి వచ్చింది. ఝాన్సీ పక్కనున్న నెరిసిన జుట్టు వయొలిన్ ఆవిడ ముందు ఆగింది. తర్వాత ఆ వరసంతా ఆగింది. తర్వాత ముప్ఫైమందీ ఆగారు. కండక్టర్ పుల్ల గాలిలో ఆడుతూనే ఉంది, కింద చప్పుడు లేదు. నా ముందు వరసలో ఒకాయన అయిపోయిందనుకుని చప్పట్లకి చేతులెత్తి, ఎందుకో దించేశాడు. అప్పుడు వేదికమీంచి ఊపిరి వినిపించింది. తీరిగ్గా, లోపలికంటా, పిల్లికూతలతో. అది పూర్తయ్యాకే పద్నాలుగు కమాన్లు తీగలమీద దిగాయి, ఈసారి నిజంగా. పెద్దవాళ్ళు పిల్లల వెంట నడిచారు. చివరిదాకా ఎవరూ తాళం తప్పలేదు.

బయటికొచ్చాక ఆ నెరిసిన జుట్టావిడని ఎందుకాగారని అడిగాను. "పక్కన ఎవరికో ఊపిరాడటం లేదనిపించింది. తీసుకోనిద్దామని ఆగాను" అంది హిందీలో.

నేను దయ్యాల్ని నమ్మే మనిషిని కాను. పద్నాలుగుమంది పిల్లలు ఒక్కసారే గాలి పీలిస్తే అలాగే వినిపిస్తుందని తిరుగు రైల్లో నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. బాలాసోర్ దాటేదాకా నమ్మాను కూడా. కానీ ఆ పిల్లల్లో ఒక్కరికీ ఉబ్బసం లేదు. భయమేసిన మాట నిజం. పిల్లల చేతుల్లో ఆయన పాట పూర్తయిందన్న సంతోషం అంతకంటే పెద్దది. వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క మాట. ఇలాంటి కచేరీలకి అరగంట ముందే వెళ్ళి, పిల్లలు కూర్చునే వైపు చోటు చూసుకోండి. పాట మధ్యలో ఆగిందని తొందరపడి చప్పట్లు కొట్టకండి. ఎవరో ఊపిరి తీసుకుంటూ ఉండొచ్చు.